పొలంలోనే ఇల్లు, పొలంలోనే పసిపిల్లలు: పనినీ పెంపకాన్నీ మీరెలా నడుపుకుంటున్నారు?

కొత్తపొలం (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. ఇక్కడ పంటల గురించీ పశువుల గురించీ మీరు రాసేవన్నీ చాలాకాలంగా చదువుతున్నాను; నా తరఫున ప్రశ్న అడగడం మాత్రం ఇదే మొదటిసారి. మా అత్తమామలకు వయసు పైబడడంతో, సేద్యం మేమే చూసుకోవాలని నేనూ మావారూ పిల్లలతో సహా పొలానికి వచ్చేశాము. పాపకు నాలుగేళ్ళు, బాబుకు ఏడాదిన్నర. ఇల్లు పొలంలోనే ఉంది. మెట్లు దిగితే ట్రాక్టర్ నిలిపే చోటు, దాని పక్కన పశువుల కొట్టం, కొట్టం వెనక నీళ్ళ తొట్టి, ఇంకొంచెం ముందుకు వెళితే కుంట.

పిల్లలు మట్టిలో, చెట్ల నీడన, దూడల మధ్య పెరగాలన్న కోరిక మా ఇద్దరిదీ. అయితే ఇక్కడికి వచ్చాక నాకు ఒక్క నిమిషమైనా నిశ్చింత లేదు. మామయ్యగారు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ట్రాక్టర్ నడుపుతారు. అది ప్రేమతో చేసే పనే, పాపకు అంతకన్నా సంతోషం మరొకటి లేదు. వద్దని చెబితే, "మీ ఆయనను కూడా ఇలాగే పెంచానమ్మా" అంటారు. ఆ మాటకు ఏమని బదులు చెప్పాలో తెలియడం లేదు. పని చేసుకుంటూ ఇంత చిన్న పిల్లలను మీరు ఎలా చూసుకుంటున్నారు? ఏ వయసులో ఏ పని దగ్గరకు రానిస్తున్నారు? ఇంట్లో పెద్దవాళ్ళ మనసు నొప్పించకుండా ఈ మాటలు ఎలా చెప్పారు? వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

ఇనుపచక్రం

కొత్తపొలం గారూ, ట్రాక్టర్లు, పనిముట్లు బాగుచేయడం నా వృత్తి, కొంత సొంత సేద్యమూ ఉంది. అందుకని మీరు అడిగినవాటిలో ట్రాక్టర్ సంగతి వరకు నేను చెబుతాను. ఒకే సీటున్న ట్రాక్టర్ మీద రెండో మనిషికి చోటు లేదు, ఆ రెండో మనిషి నాలుగేళ్ళ పాప అయినా సరే. పాపను పట్టుకోవడానికి ఒక చెయ్యి పోతే స్టీరింగుకు మిగిలేది ఒక్క చెయ్యే. గట్టు ఎక్కేటప్పుడో, చాలు చివర మలుపు తిప్పేటప్పుడో, చక్రం గుంటలో దిగినప్పుడో పట్టు తప్పితే, పాప పడేది వెనక పెద్ద చక్రానికి ముందే; బ్రేకు తొక్కే వ్యవధి కూడా ఉండదు.

అంతకన్నా ఎక్కువగా నన్ను భయపెట్టేది మరొకటి ఉంది. ఒకసారి ఎక్కించుకున్న పిల్లలకు ట్రాక్టర్ అంటే తాతయ్య ఒడి. దాని చప్పుడు వినబడగానే ఇంట్లోంచి పరుగెత్తుకుంటూ ఎదురు వస్తారు. వెనక్కి తీస్తున్నప్పుడు, నాగలో రోటవేటరో తగిలించి ఉన్నప్పుడు, చక్రం ఎత్తు కూడా లేని పిల్లలు నడిపేవారికి కనబడనే కనబడరు. కాబట్టి ఎక్కించుకోకపోవడం పడిపోకుండా కాపాడడానికి మాత్రమే కాదు, ఆ పరుగు అలవాటు కాకుండా ఉండడానికి కూడా.

పీటీఓ షాఫ్టు, అంటే ట్రాక్టర్ ఇంజను శక్తిని వెనక తగిలించిన పనిముట్టుకు అందించే తిరిగే కడ్డీ, దాని సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. అది సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. గౌను అంచో, చున్నీయో, జడ రిబ్బనో తగిలితే సెకనులో సుమారు రెండు మీటర్ల బట్టను చుట్టేసుకుంటుంది. మనిషి చెయ్యి వెనక్కి లాక్కునేలోపే అంతా అయిపోతుంది. మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు పగిలిపోతే వెంటనే మార్చండి. గడ్డి కత్తిరించే యంత్రం విషయంలో మరీ జాగ్రత్త అవసరం: పని అయిపోగానే చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టాలి, మోటారుతో నడిచేదైతే మీట పిల్లలకు అందనంత ఎత్తులో ఉండాలి. ట్రాక్టర్ నిలిపినప్పుడు వెనక పనిముట్టును నేలకు దించి, తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. కదిలించే ముందు చుట్టూ ఒకసారి నడిచి చూసి, పిల్లలు ఎవరి చేతిలో ఉన్నారో కళ్ళారా చూశాకే స్టార్ట్ చేయాలి. మా ఇంట్లో ఎవరో ఒకరు పిల్లల చెయ్యి పట్టుకుని వసారాలో నిలబడి, రెండో చెయ్యి పైకెత్తి చూపిస్తేనే బండి కదులుతుంది.

తాతలనాటిసేద్యం

నాకు మనవలు ఉన్నారు, ఇంకా సేద్యం చేస్తూనే ఉన్నాను. కాబట్టి ఆ మామయ్యగారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పనివ్వండి. ట్రాక్టర్ గురించి పై సభ్యులు రాసింది కాదనను. కానీ ప్రతి వస్తువునూ ప్రమాదంగానే చూపిస్తూ పోతే పిల్లలకు పొలం మీద మక్కువ కలగదు. ఆవు చెవులు వెనక్కి పెట్టిందంటే, తోక విసురుగా ఆడించిందంటే దాని మనసు ఎలా ఉందో పుస్తకం చదివి తెలుసుకునేది కాదు. రోజూ దాని పక్కన నిలబడిన పిల్లలకే అది పట్టుబడుతుంది. వాన వాసన, తడి నేల పదును, విత్తనం పడవలసిన లోతు, ఇవన్నీ పెద్దవాళ్ళ వెంట తిరిగితేనే వస్తాయి. నేను అలాగే నేర్చుకున్నాను. పిల్లలను కంచెలో పెట్టి పెంచి, ఇరవయ్యేళ్ళు వచ్చాక నేల మీద ప్రేమ లేదేమని అడిగితే వాళ్ళేం చెబుతారు? ఆ పెద్దాయన పాపకు ఇస్తున్నది ఆ దగ్గరితనమే. దాన్ని తీసేయకుండా, దానికి మరో దారి చూపండి.

విత్తనం

పెద్దాయన చెప్పిన దగ్గరితనం విలువైనదే, నేనూ అదే కోరుకుంటాను. అయితే ఆ పెంపకం ఏ పొలంలో సాగిందో కూడా గుర్తుచేసుకోవాలి. ఎద్దులు నడిచే వేగంతో పని జరిగేది, ఒక్కో మడిలో ఎంతోమంది ఉండేవారు. గట్టు మీద కూర్చున్న పసివాడు నాలుగడుగులు పక్కకు వేస్తే ఎవరో ఒకరు చూసేవారు, ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. ఇప్పుడు అదే పొలంలో ఒక మనిషీ ఒక యంత్రమూ ఉంటున్నారు. వేగం పెరిగింది, చూసే కళ్ళు తగ్గిపోయాయి. "మీ ఆయనను ఇలాగే పెంచాను" అన్న మాటకు నా జవాబు ఇదే: అప్పటి పొలం ఇది కాదు మామయ్యా.

నాకు పెద్ద పిల్లలూ ఉన్నారు, చిన్నవాడూ ఉన్నాడు. ఇన్నేళ్ళలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. పని చేస్తూ పసిపిల్లలను చూసుకోవడం అన్నది లేదు. పిల్లలను చూసుకోవడమే ఒక పని, ఆ సమయంలో అది చేసేవారికి మరో పని ఉండకూడదు. ఐదేళ్ళలోపు పిల్లలను చూసుకోవడం అంటే కంటికి కనబడేలా ఉంటే చాలదు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉండాలి. పాలు పితుకుతూనో, మోటారు దగ్గర తీగలు సరిచేస్తూనో "నేను చూస్తూనే ఉన్నాను" అనుకోవడం మనకు మనం ధైర్యం చెప్పుకోవడమే. ఎనిమిదేళ్ళ అక్కకు చిన్న తమ్ముడిని అప్పగించడమూ అంతే. అక్క కూడా పిల్లే.

కాబట్టి ముందు రోజును పంచుకోండి. ఉదయం ఇంతవరకు ఒకరు పొలంలో, ఒకరు పిల్లలతో. తరువాత చేతులు మార్చుకోవాలి. పనుల ఒత్తిడి ఎక్కువగా ఉండే కోతల కాలానికి ముందే మరొకరిని కుదుర్చుకోవాలి, బంధువులైనా సరే, ఇరుగుపొరుగు రైతు కుటుంబంతో వంతులు వేసుకున్నా సరే. కూలీకి ఇచ్చే డబ్బును సాగు ఖర్చుగా లెక్కవేస్తాము కదా, పిల్లలను చూసేవారికి ఇచ్చేదాన్ని కూడా అదే పద్దులో రాయండి. అలా రాయనంతకాలం ఆ పని ఉచితంగా తల్లి మీదే పడుతూ ఉంటుంది.

ఇక కంచె మాట. కంచె వేయాల్సింది పిల్లలను బంధించడానికి కాదు, పని స్థలానికీ ఆట స్థలానికీ మధ్య హద్దు కనబడడానికి. వంటగది కిటికీలోంచి కనబడే చోటు చూసుకోండి. బండ్లు తిరిగే దారికీ పశువులు నడిచే దారికీ దూరంగా, మందు కొట్టే మడుల మీదుగా గాలి వీచని వైపు ఉండాలి. ఎత్తు నాలుగడుగులైనా ఉండాలి. కర్రలు నిలువుగా ఉండాలి, అడ్డంగా ఉంటే పిల్లలకు అవే మెట్లవుతాయి. తలుపు దానంతటదే మూసుకునేలా, గడియ పై భాగంలో బయటి వైపు ఉండేలా చేయించండి. లోపల ఖరీదైనవేవీ అక్కరలేదు. కొంత ఇసుక, నీడనిచ్చే చెట్టు, పగలని గిన్నెలు, పిల్లలకంటూ ఒక చిన్న మడి ఉంటే చాలు. మా చిన్నవాడు ఆ మడిలో నాటిన గింజను మొలక వచ్చిందో లేదో చూడడానికి రోజూ పెళ్ళగించేవాడు. ఆ గింజ మొలవలేదు, కానీ వేరు ముందు వస్తుందన్న సంగతి వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

పిల్లలవైద్యం

నేను పిల్లల వైద్యవృత్తిలో ఉన్నాను, రైతు కుటుంబంలో పుట్టి పెరిగాను. విత్తనం గారి మాటలు ప్రతి తల్లిదండ్రులూ చదవాలి. నేను రెండు విషయాలను కాస్త విస్తరంగా చెబుతాను, ఒకటి నీళ్ళు, రెండోది మందులు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు మూడు లక్షల మంది నీట మునిగి చనిపోయారు, వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలు. కొత్తపొలం గారి బాబు వయసులో ప్రమాదం కుంటలోనే ఉండనక్కరలేదు. ఆ వయసు పిల్లలకు తల బరువు ఎక్కువ, తొట్టిలోకి వంగితే తలకిందులుగా పడిపోతారు, తిరిగి లేవలేరు. అరచెయ్యి లోతు కూడా లేని నీరు చాలు. మునిగేటప్పుడు అరుపూ ఉండదు, నీళ్ళు కొట్టుకునే చప్పుడూ పెద్దగా ఉండదు. అందుకే చెవిని నమ్ముకుని పని చేసుకోవడం కుదరదు. పశువుల తొట్టికి గట్టి జాలీ మూత పెట్టించండి, వాడని బకెట్లూ డ్రమ్ములూ బోర్లించండి, కుంటకూ బావికీ నాలుగు వైపులా కంచె వేయించండి. పిల్ల కనబడకపోతే ఇల్లంతా వెదికాక కాదు, మొట్టమొదట నీళ్ళ దగ్గరకే పరుగెత్తాలి. ఇంట్లో పెద్దవాళ్ళందరూ నోటితో ఊపిరి ఊదడం, ఛాతీ నొక్కడం నేర్చుకుని ఉండాలి.

పురుగుమందులూ కలుపుమందులూ వాటి డబ్బాల్లోనే, చీటీ చెరగకుండా, తాళం వేసిన గదిలో, ఇంటికి వేరుగా ఉండాలి. మిగిలిన మందును తాగే సీసాలో పోసి పెట్టడం కన్నా ప్రమాదకరమైన అలవాటు రైతు ఇంట్లో మరొకటి లేదు. పిల్లలకు సీసా ఆకారమే తెలుసు, అందులో ఏముందో తెలియదు. ఆర్గానోఫాస్ఫేట్ అనే జాతి పురుగుమందు లోపలికి వెళితే కనుపాపలు సూదిమొనంత చిన్నవవుతాయి, చొంగ, చెమట, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, కండరాలు అదురుతాయి, ఊపిరి భారమవుతుంది. అప్పుడు బలవంతంగా వాంతి చేయించకూడదు. బట్టలు తీసేసి, ఒళ్ళు సబ్బుతో కడిగి, మందు డబ్బా చీటీతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పారాక్వాట్ వంటి కలుపుమందుకు విరుగుడే లేదు. పిల్లలున్న ఇంటికి దాన్ని రానివ్వకపోవడమే మంచిది. ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫిన్ అనే విషవాయువును వదులుతాయి. బిళ్ళలు పెట్టిన ధాన్యం ఉన్న గది, పిల్లలు పడుకునే గది ఒకే గోడకు రెండు వైపులా ఉండకూడదు.

మందు కొట్టి వచ్చినవారు పిల్లలను ఎత్తుకునే ముందు స్నానం చేయాలి, ఆ బట్టలను విడిగా ఉతకాలి. శరీర బరువుతో పోలిస్తే పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ గాలి పీల్చుకుంటారు, నేల మీద పాకుతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. గుమ్మంలోకి వచ్చిన మందు మరకకు పెద్దలకేమీ కాకపోవచ్చు, పాకే పిల్లల లెక్క వేరు.

పాడిమనిషి

మాది పాడి పొలం, మా పిల్లలు కొట్టంలోనే తిరిగారని చెప్పవచ్చు. కానీ ఎప్పుడు, ఎక్కడివరకు అన్నది మేము గట్టిగా నిర్ణయించుకున్నాము. ఆవుకు రెండు పక్కలా చాలా దూరం కనబడుతుంది, సరిగ్గా వెనక మాత్రం కనబడదు. అక్కడినుంచి చప్పుడు చేయకుండా వచ్చేది పిల్లో కుక్కో దానికి తెలియదు, తన్నుతుంది. అందుకని పిల్లలకు మేము నేర్పిన మొదటి పాఠం పక్కనుంచి, మాట్లాడుతూ దగ్గరకు వెళ్ళడం. ఎంత సాధువైన ఆవు అయినా ఈనిన కొత్తలో మనిషిని దగ్గరకు రానివ్వదు. ఆ రోజుల్లో దాని దగ్గరకు పిల్లలు వెళ్ళరు. ఆబోతు కట్టు దగ్గరకు ఎప్పుడూ వెళ్ళరు.

పాలు మాన్పించిన దూడలకు గడ్డి అందించడం మాత్రం నాలుగేళ్ళ పిల్లలకు తగిన పనే, పక్కన పెద్దవాళ్ళు నిలబడితే. కటకటాల ఇవతల కూర్చుని, గడ్డి పరక చివర పట్టుకుని, దూడ గరుకు నాలుక వేళ్ళకు తగలగానే మా అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కునేది, మళ్ళీ చాచేది. కొన్నాళ్ళకు లాక్కోవడం మానేసి, ఏ దూడ ముందు వస్తుందో, ఏది తోసుకుని వస్తుందో, ఏది తినకుండా మూలన నిలబడిందో చెప్పడం మొదలుపెట్టింది. దూడ తినకపోవడం జబ్బుకు తొలి గుర్తు. ఆ గుర్తు పట్టగలగడం కన్నా పెద్ద విద్య పాడిలో లేదని నా నమ్మకం. తాతలనాటిసేద్యం గారు చెప్పిన దగ్గరితనం ఇలా కూడా వస్తుంది.

కొట్టంలోంచి బయటకు వస్తే చేతులు సబ్బుతో, పారే నీటితో కడగాలి. చెప్పులు బయటే విడవాలి. పారుకుంటున్న దూడల దగ్గరకూ, ఒంటి మీద గుండ్రంగా వెంట్రుకలు ఊడిన తామర దూడల దగ్గరకూ పిల్లలను పోనివ్వము. మిగతాది వైద్యులే చెప్పాలి.

కొత్తపొలం

ఇంత వివరంగా రాస్తున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. వైద్యుల వారిని ఒక మాట అడగాలి. పొలాల్లో పశువుల మధ్య పెరిగిన పిల్లలకు ఆయాసం, ఎలర్జీలు తక్కువగా వస్తాయని విన్నాము. మేము ఇక్కడికి రావడానికి అదీ ఒక కారణం. ఆ మాట నిజమేనా? నిజమైతే ఇలా ప్రతిసారీ చేతులు కడిగించడం దానికి అడ్డు కాదా? పితికిన పాలు కాచకుండా తాగిస్తేనే బలమని అత్తయ్యగారు అంటున్నారు.

పిల్లలవైద్యం

నిజమే, అయితే ఎంతవరకు నిజమో చూడాలి. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలోని అమిష్, హటరైట్ అనే రెండు రైతు సమాజాల పిల్లలను పోల్చింది. వారి మూలాలూ ఆచార వ్యవహారాలూ చాలావరకు ఒకటే. అమిష్ వారు ఇంటి పక్కనే పశువుల కొట్టాలు పెట్టుకుని గుర్రాలతో సేద్యం చేస్తారు, హటరైట్ వారు యంత్రాలతో పెద్ద ఎత్తున చేస్తారు. ఉబ్బసం అమిష్ పిల్లల్లో సుమారు 5 శాతం, హటరైట్ పిల్లల్లో సుమారు 21 శాతం కనిపించింది. కొట్టాల నుంచి వచ్చే సూక్ష్మజీవుల ధూళి ఇంట్లో చేరి, పసితనంలోనే రోగనిరోధక వ్యవస్థను తీర్చిదిద్దుతుందన్నది ఆ పరిశోధకుల వివరణ.

ఇందులో మేలు చేస్తున్నది ధూళిలో ఉండడమే కానీ, పేడ చేతులతో అన్నం తినడం కాదు. పశువుల పేగుల్లో ఉండే ఈ.కోలై ఓ157 అనే బాక్టీరియా పశువుకు ఏ జబ్బూ చేయకుండా పిల్లల్లో రక్త విరేచనాలు కలిగిస్తుంది; ఐదేళ్ళలోపు వారిలో కొందరికి మూత్రపిండాలు పాడవుతాయి. దూడల పారుడులో ఉండే క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మ పరాన్నజీవి చేతులకు రాసుకునే శానిటైజర్‌కు చావదు, కాబట్టి సబ్బూ నీళ్ళే వాడాలి. చేతులు కడిగినంత మాత్రాన పొలం గాలి ఇచ్చే మేలు పోదు. పాల విషయంలో అత్తయ్యగారికి మెత్తగానే చెప్పండి, కానీ చెప్పకుండా ఉండకండి. పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి మనుషులకు సోకే జ్వరపు జబ్బు), క్షయ కూడా రావచ్చు. పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచితే చాలునన్నది పాశ్చరీకరణ లెక్క. ఇంట్లో ఒక పొంగు రానిచ్చి దింపితే అంతకు మించిన వేడి తగులుతుంది, పాల బలం చెప్పుకోదగినంత తగ్గదు. ధనుర్వాతం టీకాతో సహా టీకాలన్నీ వేళకు వేయించండి. కుక్క కరిచినా గోకినా వెంటనే సబ్బుతో బాగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

బడిగంట

ఏ వయసులో ఏ పని అన్న ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు ఇవ్వలేదు. నేను బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతాను, రైతు కుటుంబాల పిల్లలే ఎక్కువ, అందుకని సాహసిస్తున్నాను.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ కలిసి ఇచ్చిన అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో 13.8 కోట్ల మంది పిల్లలు బాలకార్మికులు, వారిలో 61 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు. వారిలో చాలామంది పరాయివారి దగ్గర కాదు, సొంత కుటుంబంలోనే పని చేస్తున్నారు. మన ఇంట్లో అలా జరగదని అందరమూ అనుకుంటాము, కానీ సాయం ఎక్కడ ఆగి పని ఎక్కడ మొదలవుతుందో రోజూ చూసుకుంటూ ఉండాలి. నేను పెట్టుకున్న కొలత ఇది. పిల్ల ఈ రోజు ఆ పని చేయకపోతే పొలానికి నష్టం జరుగుతుందా? జరిగేటట్లయితే అది పెద్దల పని, పిల్లల మీద పెట్టకూడదు. ఉత్తర అమెరికాలో 1999లో రైతు కుటుంబాల కోసం తయారుచేసిన పనుల మార్గదర్శకాలు కూడా ఏడేళ్ళ వయసు నుంచే మొదలవుతాయి, అదీ పెద్దల పర్యవేక్షణలో. ప్రమాదకరమైన వ్యవసాయ పనులకు కనీస వయసు 18 అని 2001 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది.

నాలుగేళ్ళ పాపకు కావలసింది పెద్దల పనిలో చిన్న ముక్క కాదు, తనదైన ఒక చిన్న పని. చిన్న క్యాను ఇచ్చి తన మొక్కలకు తనను నీళ్ళు పోయనివ్వండి. కోళ్ళ గూటిలో గుడ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పమనండి. కోసిన కాయలను పెద్దవీ చిన్నవీ వేరు చేయమనండి. ఎక్కువ పోసి మొక్కను చంపినా, లెక్క తప్పినా ఏమీ అనకండి. ఆరేడేళ్ళకు కోళ్ళకు మేత వేయడం, నారుమడిలో కలుపు తీయడం, వాన కొలిచి రాయడం చేయగలరు. ఎత్తే బరువు, వాడే పనిముట్టు పిల్లల ఒంటికి తగినవి కావాలి. పెద్దల పార పిడి కోసి ఇస్తే అది పిల్లల పార కాదు. ఎండ ముదిరేలోపు ముగించాలి, నీళ్ళు అడిగేవరకు ఆగకుండా మనమే తాగించాలి. బడి ఉన్న రోజున కోత ఉంటే బడికే పంపాలి.

ఇంకొక సంగతి ఎవరూ రాయలేదు, తోడు. పొలంలో ఇల్లంటే ఈడు పిల్లలు దూరం. నా తరగతికి వచ్చే కొందరు పశువుల గురించి ఎంతో తెలివిగా మాట్లాడతారు, తోటి పిల్లలతో వంతు పంచుకోవడానికి మాత్రం చాలా రోజులు పడుతుంది. కాబట్టి బడి వయసు రాకముందే ఇతర పిల్లలతో ఆడుకునే వీలు కల్పించండి. ఆట తీరికవేళ మిగిలితే ఇచ్చేది కాదు. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణం దాన్ని హక్కుగానే చెప్పింది.

తాతలనాటిసేద్యం

విత్తనం గారు వేగం గురించీ చూసే కళ్ళ గురించీ రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. మా నాన్న నన్ను కాడి మీద కూర్చోబెట్టిన మాట నిజం, అప్పుడు మా మడిలో మా మేనత్తలూ చిన్నాన్నలూ అందరూ ఉన్న మాటా నిజమే. అది ఒప్పుకుంటూనే కొత్తపొలం గారికి ఒక సలహా చెబుతాను. "ఎక్కించవద్దు" అని మాత్రమే చెబితే ఆ పెద్దాయన తన చేతిలోంచి మనవరాలిని లాక్కున్నట్లు బాధపడతారు. ఆయన చేతికి ఒక పని ఇవ్వండి. సాయంత్రం పొలం చుట్టూ నడకకు పాపను తీసుకువెళ్ళేది ఆయనే కావాలి. ఆ వేళకు ఆయనకు వేరే పని పెట్టకండి, చేతిలో కొడవలి కూడా ఉండకూడదు. ఏ చెట్టు ఎవరు నాటారో, ఏ మడిలో నీరు నిలుస్తుందో, ఏ పిట్ట ఏ కాలంలో వస్తుందో ఆయన చెప్పాలి, ఆమె వినాలి. ట్రాక్టర్ మీద కూర్చుంటే ఆ చప్పుడులో ఒక్క మాటైనా వినబడదు కదా. ఈ మాట కోడలిగా మీరు చెప్పడం కన్నా మీవారు చెబితే బాగుంటుంది; తండ్రికి కొడుకు చెప్పే తీరు వేరు.

ఇనుపచక్రం

పెద్దాయన మాట ఎంతో బాగుంది. నేను చెప్పవలసినవి రెండు మిగిలాయి. ధాన్యం గాదె, గోతాల నిట్టు, గడ్డివాము పిల్లలకు ఆటస్థలాల్లా కనబడతాయి. కింది నుంచి ధాన్యం జారుతున్న గాదెలో నిలబడితే పెద్దవాళ్ళు కూడా క్షణాల్లో మోకాళ్ళవరకు, ఆపైన నడుము వరకు కూరుకుపోతారు, తమంతట తాము బయటకు రాలేరు. గుండ్రంగా చుట్టిన పెద్ద గడ్డి కట్ట ఒక్కొక్కటి కొన్ని వందల కిలోలు తూగుతుంది, దొర్లితే ఆపలేము. రెండోది పేడ గుంట, గోబర్ గ్యాస్ తొట్టి. అందులో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే మొదట పోయేది వాసన పట్టే శక్తే, కాబట్టి వాసన లేదని ధైర్యపడకూడదు. పిల్ల పడిందని తండ్రి, తండ్రి కోసం అన్న దిగి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడం ఈ గుంటల దగ్గరే జరుగుతుంది. మూత పిల్లలు ఎత్తలేనిదిగా, తాళంతో ఉండాలి.

కొత్తపొలం

వీటన్నిటి నడుమ చిన్న ప్రశ్నలా అనిపించవచ్చు, కానీ అడగకుండా ఉండలేకపోతున్నాను. పాప ఒక మేకపిల్లకు పేరు పెట్టుకుంది, పొద్దస్తమానం దాని మాటే. అది పెరిగాక అమ్మేదే. ముందే చెప్పాలా, లేక ఆ రోజు పాపను ఎక్కడికైనా తీసుకువెళ్ళాలా?

విత్తనం

చిన్న ప్రశ్న కాదు, పొలంలో పిల్లలను పెంచేవారందరికీ ఎదురయ్యేదే. ముందే చెప్పండి. ఏ జంతువులు మనతో ఉండిపోతాయో, ఏవి వెళ్ళిపోతాయో పేర్లు పెట్టే రోజునే చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. పేరు పెట్టవద్దని అనకండి, పేరు పెట్టిన జీవాన్ని వాళ్ళు శ్రద్ధగా చూస్తారు. చెప్పకుండా తీసుకెళ్ళిపోతే మాత్రం రేపు ఏది మాయమవుతుందోనన్న దిగులు మిగులుతుంది. చనిపోయిన జంతువు విషయంలో "నిద్రపోయింది" అని చెప్పకండి. నాలుగేళ్ళ వయసులో చావు తిరిగిరానిదన్న సంగతి ఇంకా పూర్తిగా తెలియదు, ఆ మాట విన్న పిల్లలు రాత్రి తాము నిద్రపోవడానికి భయపడతారు. "చనిపోయింది, ఇక ఊపిరి తీసుకోదు, దానికి నొప్పి లేదు" అని చెప్పండి. మళ్ళీ మళ్ళీ అడుగుతారు, ప్రతిసారీ అవే మాటలు ఓపికగా చెప్పాలి. ఏడిస్తే ఏడవనివ్వండి. మీకు దుఃఖం వస్తే దాచుకోనక్కరలేదు.

కొత్తపొలం

పాపకు నిన్న రాత్రే చెప్పాము. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, "వాళ్ళ ఇంట్లో దానికి గడ్డి ఎవరు పెడతారు?" అని అడిగింది. వాళ్ళు దాన్ని పెంచుకోవడానికి కొనడం లేదని మెల్లగా చెప్పవలసి వచ్చింది. ఏడ్చింది, అలాగే నిద్రపోయింది.

మిగతా విషయాలు కూడా రాస్తాను. మావారు మామయ్యగారితో మాట్లాడారు. తాతలనాటిసేద్యం గారు రాసిన మాటలను ఆయనకు చదివి వినిపించాము. ఆయన వెంటనే ఒప్పుకోలేదు, రెండు మూడు రోజులు ముభావంగా ఉన్నారు. ఆ తరువాత తనే పాపను పిలిచి, ఇక సాయంత్రాలు నడిచే వెళదామని చెప్పారు. ట్రాక్టర్ తాళంచెవి ఇప్పుడు ఆయన జేబులోనే ఉంటోంది. తొట్టికి జాలీ మూత వచ్చింది, మందుల గదికి తాళం పడింది, పాలు కాచే ఇస్తున్నాము. పగటి పనిని మేమిద్దరం పంచుకున్నాము, కోతలకు మా చిన్నమ్మ వచ్చి ఉంటానన్నారు. కుంట చుట్టూ కంచెకు మాత్రం కొంత సమయం పడుతుంది, అంతవరకు ఆ వైపు ఉన్న వాకిలిని మూసేశాము.

ఆట స్థలం కంచెకు కర్రలు తెప్పించాము. ఇనుపచక్రం గారూ, నిలువు కర్రల మధ్య ఎంత ఎడం ఉంచాలి? బాబు సన్నగా ఉంటాడు, తల దూర్చేస్తాడేమోనని సందేహంగా ఉంది.

ఇనుపచక్రం

పది సెంటీమీటర్లకు తక్కువే ఉంచండి, ఒళ్ళు దూరి తల ఇరుక్కునే ఎడం అసలు ఉండకూడదు. కింద నేలకూ కర్రకూ మధ్య కూడా అదే లెక్క. తలుపు గడియ బిగించేటప్పుడు బాబును కాదు, పాపను పక్కన నిలబెట్టి ఆమె చెయ్యి ఎంత ఎత్తుకు అందుతుందో చూసుకుని, దానికి పైన వేయించండి. ఏడాదికోసారి మళ్ళీ చూసుకోండి.